తండ్రి పద్దు

ఊరి పద్దులు వ్రాయువాడు వైద్యము పలుకుట వింతయే. కాని మా తండ్రిగారు పౌరుషగ్రంథి క్యాన్సరుతో గతించిరి. కావున ఈ విషయమై దొరికినదెల్ల చదివితిని.

లాల్‌దర్వాజాలో కాపురమున్న నా తమ్ముడు బోనాలనాడు సైతము మాంసము ముట్టక, ఇక తనకు భయము లేదనుచున్నాడు. ఆ లెక్క సరిపోదు. ఈ వ్యాధి కొందరికి వచ్చి కొందరికి రాకుండుటలో నూటికి సుమారు 57 పాళ్లు వంశమునకు చెందినదని 2016లో వెలువడిన ఉత్తర యూరపు కవలల పరిశోధన తేల్చినది. బి.ఆర్.సి.ఎ.2 అను జన్యువునందలి దోషము తల్లివైపునుండియు రావచ్చును. అమ్మమ్మకు రొమ్ముక్యాన్సరు వచ్చియుండినచో అదియు వైద్యునికి చెప్పవలెను.

ఆహారము వ్యర్థమనను. జన్యుభారము మిక్కుటమైనవారిలో పొగ త్రాగక, ఒళ్లు వంచి, బరువు పెరుగనీయక, టమాటాలు, చేపలు తినుచు, నిలువచేసిన మాంసము తగ్గించినవారికి ప్రాణాంతక రోగము తక్కువగా కనబడెనని హార్వర్డు పరిశోధకులు 2022లో ప్రకటించిరి. రోగము వచ్చుట మాత్రము తగ్గలేదు!

నేను పి.యస్.ఏ. రక్తపరీక్ష చేయించుకొంటిని. తమ్ముడింకను ఒప్పుకొనలేదు.