అక్షరములోని తెలుపు



పుస్తకము చేతబట్టినవాడు కథను చూచును, పద్యమును చూచును, అర్థమును చూచును. అక్షరమును మాత్రము చూడడు. చూడవలసిన పనియు లేదు. అక్షరము బాగుగా ఉన్నంతవరకు కంటికి అడ్డురాదు. సిరా అలుకుకొనిపోయిన పుటలో, అరిగిన టైపుతో కూర్చిన పంక్తిలో, దీపపు వెలుతురున ముసలికన్ను తడబడినప్పుడే అక్షరమనునది ఒకటి ఉన్నదని తెలిసివచ్చును. చదువరి చూడకుండుటకే అక్షరమును దిద్దుచు జీవితమంతయు గడపిన ఒక స్విట్జర్లాండు దేశీయుని కథ నేటి ప్రసంగ విషయము. అతని పేరు అడ్రియన్ ఫ్రూటిగర్.

1928 మే 24వ తేదీన, ఇంటర్‌లాకెన్ పట్టణము చెంతనున్న ఒక చిన్న ఊర అతడు జన్మించెను. తండ్రి నేతపనివాడు. పడుగు పేకల నడుమ సందు ఎంత ఉండవలెనో ఎరిగిన ఇంట పుట్టినవాడు అక్షరముల నడుమ సందును గూర్చి ఆలోచించెననిన వింత యేమున్నది? బడిలో నేర్పిన గొలుసుకట్టు వ్రాత బాలునకు నచ్చలేదు. తనకు తోచిన క్రొత్త వ్రాతలను కల్పించుకొనెడివాడు. శిల్పి కావలెనని కోరిక. తండ్రి ఒప్పుకొనలేదు, అన్నము పెట్టు వృత్తి యేదైన నేర్చుకొమ్మనెను. తండ్రులు ఏ దేశమునందైనను తండ్రులే. పదునారవ యేట ఇంటర్‌లాకెన్‌లోని ఒక అచ్చుకూటమున కంపోజిటరు పనికి చేరి, నాలుగేండ్లు సీసపు అక్షరములను ఏరి కూర్చెను. 1948లో, ఆ పని ముగియు వేళకు, తూన్ సరస్సు ఒడ్డున నున్న చర్చిలను గూర్చి ఒక చిన్న పుస్తకమును తన చెక్కబొమ్మలతో అచ్చొత్తెను. శిల్పి కావలెనన్న కోరిక చావలేదన్నమాట. రాయికి బదులు కొయ్య దొరికినది.

1949 నుండి 1951 వరకు అతడు జ్యూరిక్ నగరమందలి కళావృత్తుల పాఠశాలలో విద్యార్థి. వాల్టర్ కేహ్, ఆల్‌ఫ్రెడ్ విల్లిమన్ అనువారు గురువులు. అచటి బోధన తీరు గమనింపదగినది. ప్రాచీన రోమను శాసనములపై కాగితమద్ది తీసిన ప్రతులను ముందుంచుకొని విద్యార్థులు ఒక్కొక్క అక్షరమును పరిశీలించెడివారు. ఫ్రూటిగర్ కొలబద్దను, కంపాసును నమ్ముకొనక కలమును, కుంచెను పట్టెను. వెడల్పు పాళీ గల కలమును ఒకే వాలున పట్టి వ్రాసినచో, ఒకచోట గీత లావగును, మరియొకచోట సన్నమగును. ఆ లావుసన్నములు వ్రాయువాని ఇష్టము కాదు, పనిముట్టు స్వభావము. మన తాళపత్రములపై గంటముతో అడ్డగీత గీచినచో ఈనె వెంట ఆకు చీలును, కావుననే తెలుగక్షరము గుండ్రదనము పొందినదని పెద్దలు చెప్పుమాట ఈ సందర్భమున స్మరణీయము.

చదువు ముగియు వేళ అతడు చేపట్టిన పని సామాన్యమైనది కాదు. గ్రీకుల శిలాక్షరములు మొదలుకొని, రోమనుల శాసనాక్షరములు, మధ్యయుగపు మఠములలోని వ్రాతలు, ఇటలీ పండితుల వ్రాత వరకు ఐరోపా లిపి నడచిన దారినంతయు కొయ్యపలకలపై చెక్కెను. అచ్చు సరిగా పడుటకు అద్దములో కనబడినట్లు ఎదురుగా చెక్కవలెను. కొయ్యచ్చులో నల్లగా పడవలసినదానిని ఉలి ముట్టదు; ముట్టునది తెల్లగా ఉండవలసిన చోటునే. కలముతో వ్రాయువాడు నలుపును ఉంచుచు పోవును, కొయ్యను చెక్కువాడు తెలుపును తీయుచు పోవును. అక్షరమునకు ప్రాణము గీతలో ఎంత ఉన్నదో, గీతల నడుమ చిక్కుకొన్న తెల్లని ఖాళీలో అంతయు ఉన్నదని ఈ పని అతనికి నేర్పెను. తరువాత అతడు చేసిన ప్రతి పనియందును ఈ పాఠమే కానవచ్చును.

1951లో ఆ పలకల అచ్చు ప్రకటింపబడెను. పారిసులోని డెబర్నీ ఎ పేన్యో అను టైపు పోతశాల యజమాని చార్లెస్ పేన్యో దానిని చూచి, 1952లో ఆ యువకుని పనిలోనికి తీసికొనెను. అప్పటికతనికి ఇరువదినాలుగేండ్లు.

అక్కడ ఒక చిక్కు వచ్చినది. కంపాసుతో గీచిన గుండ్రని అక్షరములకు ఆ దినములలో గిరాకి మెండు. క్రొత్తగా వచ్చిన లూమిటైప్ అను ఫోటో కంపోజింగు యంత్రమునకు అటువంటి అక్షరములే కావలెనని యజమాని తలంపు. ఫ్రూటిగర్ ఒప్పుకొనక, పాఠశాలలో గీచుకొన్న చిత్తుప్రతులను తెచ్చి ముందుంచెను. లెక్కకు సరియైన వృత్తము కంటికి సరికాదని అతని వాదము. అది నిజమే. అడ్డగీతను, నిలువుగీతను ఒకే కొలతతో గీచినచో అడ్డగీతయే లావుగా తోచును. కావున దానిని రవంత సన్నము చేయవలెను. గుండ్రని అక్షరమును చదరపు అక్షరముతో సమమైన ఎత్తున నిలిపినచో పొట్టిదిగా తోచును. కావున పంక్తికి పైనను, క్రిందను వెంట్రుకవాసి దాటించవలెను. పద్దు సరిపోవుటకు కొలత తప్పించుట లెక్కలలో నేరము, అక్షరములలో ధర్మము! యజమాని ఒప్పుకొనెను. పనిలోని నౌకరు మాట విని మనసు మార్చుకొన్న యజమానిని కూడ ఇచట తలచుకొనవలెను.

ఆ విధముగా 1957లో 'యూనివర్స్' అను అక్షరకుటుంబము వెలువడినది. సన్ననివి, లావువి, ఇరుకువి, వెడల్పువి, వాలినవి, మొత్తము 21. అన్నిటికిని ముఖమొకటే. అంతకుముందు లావు అక్షరమునకు ఒక్కొక్క దేశమున, ఒక్కొక్క పోతశాలలో ఒక్కొక్క పేరు. ఒకరి 'లావు' ఇంకొకరికి 'సగము లావు'. ఫ్రూటిగర్ పేర్లు తీసివైచి, పొలములకు సర్వే నంబర్లవలె అంకెలు వేసెను. 55 సాధారణము. పదులస్థానము పెరిగినకొలది లావు పెరుగును. ఒకట్లస్థానము పెరిగినకొలది అక్షరము ఇరుకగును. అచట సరియంకె వచ్చినచో అక్షరము వాలును. 39 మిక్కిలి సన్నము, ఇరుకు. 83 మిక్కిలి లావు, వెడల్పు. పేరు చెప్పనక్కరలేదు, అంకె చెప్పిన చాలును. ఇంత ముచ్చటైన దస్తరము అరుదు.

యంత్రము పెట్టిన కష్టములును కలవు. లూమిటైప్‌లో అక్షరము వెలుతురు రూపమున పడును. వెలుతురు మూలలను అరగదీసి మొద్దుచేయును. అందుచేత అతడు మూలలయందు కొమ్ములవలె మొనలు తీసి, మూలపటమున అక్షరమును వికారముగా గీయవలసివచ్చెను. చివరకు పుటపై పడినప్పుడది సూటిగా నుండెడిది.

తరువాత పారిసు చెంత రోయిసీ విమానాశ్రయమునకు దారి చూపు పలకలు వ్రాయు పని వచ్చినది. ఆ విమానాశ్రయము 1974లో తెరవబడెను. తన యూనివర్స్ అక్షరములనే వాడుకొనిన శ్రమ తప్పెడిది. కీర్తియు తక్కువ కాదు. కాని దూరమునుండి, ప్రక్కనుండి, తొందరగా నడచువారు చదువునప్పుడు ఆ అక్షరముల కొనలు మూసికొనిపోవునని అతడే తీర్పు చెప్పుకొని, నోళ్లు బాగుగా తెరచిన క్రొత్త అక్షరములను గీచెను. అవి 1976లో అతని పేరుతోనే అచ్చుకూటములకు వచ్చినవి. తన పనిలోని లోపమును తానే పట్టుకొనుట పండితులకును కష్టము. అక్షరమును అతడు చెంచాతో పోల్చెడివాడు: భోజనమైన తరువాత చెంచా ఆకారము గుర్తున్నచో ఆ చెంచా మంచిది కాదట! మన ఇండ్లలో గరిటెకును ఇదియే న్యాయము.

1960ల దశకమున అతడు అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ పిలుపున దేవనాగరి లిపిపైనను పనిచేసెను. రోమను అక్షరము నేలమీద నిలుచును. నాగరి అక్షరము తలగీతనుండి వ్రేలాడును. నేర్చిన విద్యను తలక్రిందులుగా పట్టవలసిన పని అది. తెలుగును అతడు ముట్టినట్లయిన ఏమి చేసియుండునో ఊహింపవచ్చును. మన పంక్తికి మూడంతస్తులు: పైన గుడియో ఏత్వమో, నడుమ అక్షరము, క్రింద ఒత్తు. ఈ మూటికిని చోటు పెట్టుటలో నడిమి అక్షరము చిన్నదగును, దానిలోని తెలుపు మరింత చిన్నదగును. 'ప'కు తలకట్టు విడిగా నుండును, 'వ'కు అంటుకొనియుండును; రెంటికిని భేదము ఆ కొంచెపు సందే. 'థ'కును 'ధ'కును భేదము కడుపులోని చుక్క. సిరా కొంచెము ఎక్కువైనచో, సీసము కొంచెము అరిగినచో, 'కథ' 'కధ' యగును. పరమును గూర్చి చదువబూనిన వృద్ధునకు పుటలో వరము కనబడును.

ఫ్రూటిగర్ 2015 సెప్టెంబరు 10న తన 87వ యేట మరణించెను.