ఆటకు తోడు
(వార్షిక సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువును గురించి ఈ వేదికమీద ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆటను గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము. గోల్ఫు అనగానే "అది దొరల ఆట, మనకెందుకు?" అని కొందరికి తోచవచ్చు. అయితే మేము చెప్పబోయేది ఆటకన్నా ఆ ఆట ఆడిన అమ్మాయిని గురించీ, ఆమె తల్లిదండ్రులను గురించీను.

అదితి అశోక్ 1998 మార్చి 29న బెంగుళూరులో పుట్టింది. ఇంట్లో గోల్ఫు ఆడినవారెవరూ లేరు. వారు ఫలహారానికి వెళ్లే హోటలునుంచి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కనిపించేది. ఐదేళ్ల పాప అటు చూసి ముచ్చట పడింది. తల్లిదండ్రులు కసరలేదు. పాపను తీసుకువెళ్లి, తామూ ఆమెతోపాటు కర్ర పట్టి నేర్చుకున్నారు.

ఈ ఆటలో బంతిని పద్దెనిమిది గుంటల్లో వేయాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవారే విజేత. అమెచ్యూర్ అంటే డబ్బుకోసం కాక ఆటకోసం ఆడేవారు. ప్రొఫెషనల్‌కు అదే జీవనోపాధి. ఇందులో నెలజీతం లేదు. సగం పోటీ అయ్యాక వెనుకబడినవారిని తప్పిస్తే, ఆ వారం చేతికేమీ రాకపోగా దారిఖర్చులు మీదపడతాయి.

అదితి 2011లో, పదమూడేళ్లకే, మనదేశపు ప్రొఫెషనల్ మహిళల పోటీ ఒకటి గెలిచింది. అమెచ్యూర్ కాబట్టి అప్పటి నియమాల ప్రకారం బహుమతి సొమ్ము ముట్టరాదు. అయినా తొందరపడలేదు. 2015లో బ్రిటిష్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే పోటీ గెలిచింది. ఆ డిసెంబరులో మొరాకోలో జరిగిన యూరప్ టూర్ అర్హత పోటీలో మొదటి స్థానం సంపాదించింది. 2016 జనవరి 1న ప్రొఫెషనల్ అయింది. స్కూలు చదువు కూడా ఆ ఏడే ముగించింది. చదువా, ఆటా అని మనం తగువులాడే చోట ఆ పిల్ల రెండూ నిలబెట్టుకుంది!

ఆ ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో ఆడింది. తండ్రే ఆమె సంచి మోశారు. రెండు రోజులు మొదటి పదిమందిలో ఉండి, చివరకు 41వ స్థానానికి జారింది. అయినా కుంగిపోలేదు. నవంబరులో ఇండియన్ ఓపెన్ గెలిచి, యూరప్ టూర్‌లో నెగ్గిన తొలి భారతీయురాలయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తల్లి సంచి మోశారు. అప్పటికి అదితి ప్రపంచ ర్యాంకు 200. అలాంటిది నాలుగు రోజులు పతకంకోసం పోరాడి, ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానంలో నిలిచింది.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చివరిరోజు ఏడు దెబ్బల ఆధిక్యంతో దిగి, ఆట తడబడి, స్వర్ణం పోగొట్టుకుంది. అయినా ఆ రజతమే ఆసియా క్రీడల గోల్ఫులో భారత మహిళ సాధించిన తొలి పతకం. మరుసటి నెలలోనే స్పెయిన్‌లో ఓపెన్ పోటీ గెలిచింది.

గోల్ఫు ఖరీదైన ఆట, నిజమే. అందరి పిల్లలకూ ఆ కర్రలు కొనిపెట్టమని మేము అనడంలేదు. కానీ మన ఇళ్లల్లో ఎందరో అమ్మాయిల పరుగూ, కబడ్డీ, ఖోఖో పదో తరగతితో ఆగిపోతున్నాయి. ఎందుకమ్మా అంటే, "తోడెవరు వెళ్తారు?" అంటాం. డబ్బులేక ఆగినవారు కొందరైతే, తోడులేక ఆగినవారు ఎందరో! ఒలింపిక్స్‌లో ఆ తల్లీ తండ్రీ చేసిందీ తోడు వెళ్లడమే కదా.

కాబట్టి మాదొక మనవి. ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురు తల్లులు వంతులు వేసుకొని, సాయంత్రం ఒక గంట పిల్లలను మైదానానికి తీసుకువెళ్లాలి. సంఘం పెద్దలు బడివారితో మాట్లాడి, ఆ గంటసేపు మైదానం ఇప్పించాలి. తోడు వెళ్లగలిగిన తల్లులు ఈరోజే మా విభాగంలో పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.