ఘాటు రోడ్డుపై హైబ్రిడ్ కారు

1944లో తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు వేయబడి, 1974లో రెండవది ఏర్పడి, ఎక్కు బండ్లకును దిగు బండ్లకును వేరు త్రోవలు కుదిరిన పిమ్మట సైతము, తిరుపతి కుటుంబమునకు కారు సత్తువను తేల్చి చెప్పునది అలిపిరి మీది ఆ చడావే.

పెట్రోలు ఇంజనుతోపాటు ఇంటి ప్లగ్గుతో చార్జి యగు బ్యాటరీని గూడ కలిగి, మన దేశమున నింకను అరుదుగనే కానవచ్చు ప్లగిన్ హైబ్రిడ్ కారు విశిష్టత ఇచ్చటనే ప్రస్ఫుటమగును. రెండు టన్నుల బండిని సుమారు 700 మీటర్ల యెత్తునకు చేర్చుటకు, రాపిడి నష్టములను విడిచినను, దాదాపు 4 యూనిట్ల విద్యుత్తు వలయును. దిగునప్పుడు బ్రేకులలో వేడిమియై వ్యర్థమగు ఆ శక్తిలో నొక భాగమును, మోటారే జనరేటరుగా మారి, బ్యాటరీకి మరల నొసగును. వంపు వంపునకును ఆక్సిలరేటరుపై కాలు సడలించినంతనే బండి తనంతట నిదానించుచుండగా, ఎదుటి తెరపై చార్జి అంకె మెల్లగా పెరుగుట చూచుట నాకు మిక్కిలి ప్రీతికరము. 2022లో ఈ కొండకు నడువనారంభించిన విద్యుత్ బస్సులును ఈ సూత్రమునే వాడుకొనుచున్నవి. అయితే కొండమీదనే బ్యాటరీని నిండుగా చార్జి చేసి దిగరాదు. నిండినదానిలో క్రొత్త శక్తికి చోటుండదు.

బడికిని బజారుకును బ్యాటరీ చాలును. చిత్తూరు మీదుగా వేలూరు ఆసుపత్రికి పోయి వచ్చుటకు పెట్రోలే దిక్కు. రాత్రులందు చార్జి పెట్టుటకు సోమరితనము గలవారు ఈ కారు కొనవలదని నా అభిప్రాయము, ఏలయన వారు బరువైన బ్యాటరీని పెట్రోలు ఖర్చుతో మోయువారే యగుదురు. కొనువారు మాత్రము ముందుగా ఎలక్ట్రీషియనును పిలిపించి, 16 ఆంపియర్ల సాకెట్టునకు ఎర్తు సరిగా నున్నదో లేదో చూపించుకొనవలెను.