విప్పడానికి వీలుగా కట్టండి

ఈరోజు పట్టాలు అందుకున్న సివిల్ ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ హృదయపూర్వక అభినందనలు.

భవనం ఎలా లేపాలో ఇక్కడ నేర్చుకున్నారు. రేపు దాన్ని విప్పాల్సి వస్తే ఏమవుతుందో కూడా డ్రాయింగు దగ్గరే ఆలోచించమని అడగడానికే వచ్చాను.

మన ఊళ్లలో పెంకుటిల్లు విప్పితే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు మరో ఇంటికి చేరేవి. గానుగ సున్నంతో కట్టిన గోడలో ఇటుక పెద్దగా దెబ్బతినకుండా ఊడి వచ్చేది. ఇప్పుడు గట్టి సిమెంటు మాలు ఇటుకను వదలదు. గోడ పడగొడితే ఇటుకే ముక్కలవుతుంది. ఇనుమూ తలుపులూ పోగా మిగిలిన శిథిలాలు ఎన్నో చెరువుల్లో పడుతున్నాయి.

హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఈ శిథిలాలను శుద్ధి చేసే ప్లాంట్లున్నాయి. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఎం25 గ్రేడు వరకు రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటులో 20 శాతం, ఊచల్లేని కాంక్రీటులో 25 శాతం, ఎం15 కంటే తక్కువ గ్రేడు లీన్ కాంక్రీటులో నూటికి నూరు శాతం వాడవచ్చని ఐఎస్ 383 ప్రమాణం 2016లోనే చెప్పింది. టెండరు పత్రంలో ఈ కంకర వాడాలన్న షరతు రాసే ఇంజనీరు కావాలి. ఆ ఇంజనీరు మీరు కావాలి.

అయితే పిండి చేసి మళ్లీ వాడటం ఆఖరి మార్గం. ముందు వృథాను పుట్టనివ్వకండి. మార్కెట్లో ఊచ పొడవు సాధారణంగా 12 మీటర్లు. 3.5 మీటర్ల ముక్కలు కోస్తే మూడే వస్తాయి, ఒకటిన్నర మీటరు మిగులుతుంది. ఆ ముక్క ఏ లింటెల్‌లోకి వెళ్లాలో బార్ బెండింగ్ షెడ్యూల్‌లోనే తేల్చండి. గది కొలతలు ఇటుక కొలతకు కుదిరితే మేస్త్రి ఇటుకలు పగలగొట్టే పని తగ్గుతుంది. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన, గోడ లోపల ఖాళీలు వదిలి ఇటుకలు పేర్చే రాట్ ట్రాప్ బాండ్ పద్ధతిలో గోడకు పట్టే ఇటుకలు దాదాపు పాతిక శాతం తగ్గుతాయి.

ఆ తర్వాత అతుకులు చూడండి. స్టీలు ఫ్రేములో వీలైన చోట వెల్డింగు బదులు బోల్టు వాడండి. పైపులను గోడలో పూడ్చకుండా షాఫ్టులో నడపండి. ఏ సామగ్రి ఎక్కడ వాడారో రాసిపెట్టి యజమానికి అప్పగించండి.

ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. మీరు మిగిల్చే ప్రతి బస్తాకూ విలువుంది. సైటులో మేస్త్రినీ, రాడ్ బెండర్‌నీ, సెంట్రింగ్ పనివాళ్లనూ అడిగి తెలుసుకోండి. సామాను ఎక్కడ వృథా అవుతోందో వాళ్లకే బాగా తెలుసు. మీ తొలి ఉద్యోగంలో, తొలి డ్రాయింగుతోనే ఈ పని మొదలుపెట్టండి.