పికప్ బండికి పక్కమెట్టా, కాపుకమ్మియా?

పికప్ బండి మన పల్లెలకు క్రొత్తది కాదు. కూరగాయల బుట్టలను, పాలక్యానులను, పెండ్లివారి సామానును మోయు చిన్నబండ్లను అందరును ఎరుగుదురు. అయితే ముందు నలుగురైదుగురు కూర్చుండు గదియు, వెనుక సామాను తొట్టియు గల పెద్ద పికప్పులు మన యిండ్ల ముంగిటికి వచ్చుట ఇటీవలి సంగతి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారము 2016లో ప్రారంభమైనది. అచట తయారైన డి-మాక్స్ వి-క్రాస్ ఆ యేడే అమ్మకమునకు వచ్చినది. టొయోటా హైలక్స్ 2022లో మన దేశమున అడుగిడినది. ఈ బండ్లు నేలకు చాల ఎత్తుగా నుండును. కావున కొన్న వారమునకే యజమానికి ఒక సందేహము కలుగును: ద్వారముల క్రింద ఎక్కుటకు మెట్టు వేయింతుమా, లేక రాళ్ల దెబ్బకు ఆగు గట్టి కమ్మి వేయింతుమా?

దుకాణములో రెండును ఒకే గోడకు వ్రేలాడుచుండును. రెండును నల్లరంగు గొట్టములే. చూచుటకు అన్నదమ్ముల వలె నుండును గాని వాని పనులు వేరు. మెట్టు మనుష్యుని బరువును మోయుటకు చేసినది. మెకానిక్కులు రాక్ స్లైడరు అని పిలుచు కాపుకమ్మి బండి బరువును మోయుటకు చేసినది. ఆ బరువు ఇంచుమించు రెండు టన్నులు. ఈ భేదమును మరచుటయే ప్రమాదము. టైరు పంక్చరైనపుడు తొందరలో జాకీని మెట్టు క్రింద పెట్టి ఎత్తినచో, మెట్టును పట్టియుంచు బ్రాకెట్టు వంగవచ్చును. అప్పుడు బండి క్రింద చేయి పెట్టినవాని గతి యేమి? జాకీ పెట్టవలసిన చోట్లు బండితో ఇచ్చు పుస్తకములో చూపబడియే యుండును. కాపుకమ్మి క్రిందనైనను, పెట్టవచ్చునని దానిని తయారుచేసినవారు చెప్పిననే గాని జాకీ పెట్టరాదు.

ఈ బండ్ల నిర్మాణమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అడుగున నిచ్చెన వంటి ఉక్కు ఛాసిస్. దానిపై రబ్బరు దిమ్మల మీద కూర్చున్న రేకు బాడీ. గతుకులలో ఛాసిస్ కొంత మెలిపడును, పైబాడీ వేరుగా కదలును. కనుక కాపుకమ్మిని ఛాసిస్‌కే బిగింపవలెను. ద్వారము క్రింది రేకునకు బిగించిన కమ్మి, రాయి తగిలినపుడు రేకును కాపాడకపోగా తానే దానిలో గ్రుచ్చుకొనును. ఛాసిస్‌కును రేకునకును కలిపి బిగించుట మరియు చెరుపు. ఆ రెండును చెరియొక వైపు కదలి రేకును చింపును. కొందరు వెల్డింగు చేయింతురు. మేము దానిని మెచ్చము. ఛాసిస్‌లో ముందే యున్న రంధ్రములకు బోల్టులతో బిగించి, కొన్నాళ్లు తిరిగిన పిమ్మట మరల బిగువు చూచుకొనుట మేలు.

ఇక ఎవరికి ఏది? పాడేరు, అరకు వైపు కొండదారులలో వానకు మట్టి కొట్టుకొనిపోయి రాళ్లు తేలును. ఈ బండ్లకు ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ మూడు మీటర్లకు పైగా దూరము. ముందు చక్రము గట్టు దాటినను నడుము తగులును. అచట క్రిందికి వ్రేలాడు మెట్టు ఉన్న ఎత్తును కూడ హరించును. కాపుకమ్మియే తగును. అమెరికాలో 2019లో అమ్మకమునకు వచ్చిన జీప్ గ్లాడియేటర్‌లో, రాళ్లపై నడుపుటకు ఉద్దేశించిన రూబికాన్ రకమునకు ఈ కమ్మీలను కర్మాగారముననే బిగించిరి.

భీమవరము వైపు చెరువుగట్లపై తిరుగు బండికి రాళ్ల బెడద యెక్కడిది? అచట బురదయే శత్రువు. మన యిండ్లలో అధికభాగమునకు మెట్టే అవసరమని మా అభిప్రాయము. చీర కట్టిన అమ్మమ్మ మోకాటి యెత్తునకు కాలు మోపి ఎక్కవలెనన్న ఎంత కష్టము! దిగుట మరింత కష్టము, ఏలయన పాదమునకు నేల కనబడదు. గుండ్రని గొట్టము బురదచెప్పునకు జారును. వెడల్పుగా, పైన గరుకుగా నుండు పలక మెట్టునే ఎన్నుకొనవలెను. లోపల ద్వారస్తంభమునకు చేతిపిడి లేనిచో ఎంత మంచి మెట్టైనను సగము పనియే చేయును. కొనుటకు ముందు ఇంటి పెద్దలను వెంట తీసికొనిపోయి, అటువంటి మెట్టు వేసిన బండిని ఒకసారి ఎక్కించి దింపి చూడుడు.

మెట్టు, కమ్మి రెండు పనులును చేయునవియు కలవు. అవి బాడీకి దగ్గరగా, ఎత్తున నుండును గావున పడుచువారికి చాలును, ముసలివారికి చాలవు. ఏది వేసినను, పక్కనుండి వచ్చి ఢీకొను లారీ నుండి అది కాపాడునని భ్రమపడరాదు.

మెట్టుండుట చూచి పిల్లలు దానిపై నిలిచి వ్రేలాడుదురు. పొలము నుండి ఇంటికి ఇంత దూరమే గదా యని పెద్దలును ఊరకుందురు. 1988 మోటారు వాహనముల చట్టము 123వ సెక్షను ఫుట్‌బోర్డుపై మనుష్యులను తీసికొనిపోవుటను నిషేధించినది. అదే చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషనులో వ్రాసిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనుచున్నది. ముందు వైపు బిగించు బుల్ బార్లపై చర్య తీసికొనవలెనని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. కాబట్టి పక్కకు పొడుచుకొని వచ్చు కమ్మిని బిగింపబోవువారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను. కమ్మీల బరువు బండి మోయగల సరుకులో నుండి తరుగునని కూడ గుర్తుంచుకొని, తొట్టిలో బస్తాలు వేయునపుడు అంతమేర తగ్గింపవలెను.