తెలుగు తరగతిలో అంతర్జాల సాధనాలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)

ఈ పూట నా మాటలు ప్రధానంగా మీకోసం, అంటే బహ్రెయిన్‌లో పుట్టి గాని, పసితనంలోనే ఇక్కడికి వచ్చి గాని పెరిగిన యువతీయువకుల కోసం. మీలో కొందరు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, కొందరు ఇంకా చదువుకుంటున్నారు, కొందరి ఒళ్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. మన వారాంతపు తెలుగు తరగతిని రేపు నడపవలసినవారు మీరే. కంప్యూటరు, ఫోను, అంతర్జాలం మాకంటే మీకు బాగా తెలుసు. వాటిని బోధనకు ఎట్లా వినియోగించాలన్నదే నేటి ప్రసంగ విషయం.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఏ సాధనం గొప్పది, ఏది కొత్తది అనే విచారణకు ముందు, ఆ సాధనం పిల్లల చెవి చేత, నాలుక చేత, వేళ్ల చేత ఏ పని చేయిస్తున్నదని అడగండి. నేర్చుకోవలసిన పనిని పిల్లలే చేస్తున్నట్లయితే సాధనం మంచిది. వారికి బదులు యంత్రమే ఆ పని చేసిపెడుతున్నట్లయితే, పాఠం ఎంత ముచ్చటగా సాగినా వారికి మిగిలేది స్వల్పం.

ఈ విషయం మాట్లాడుకోవడానికి బహ్రెయిన్ తగిన చోటు. గల్ఫ్ తీరాన ఆధునిక విద్యకు తొలి అడుగులు పడిన దేశాలలో ఇది ఒకటి. ముహర్రఖ్‌లో అల్-హిదాయా అల్-ఖలీఫియా పాఠశాల 1919లో వెలసింది. 1928లో బాలికల పాఠశాల ఏర్పడింది. 2004లో ఆరంభమైన కింగ్ హమద్ భవిష్యత్ పాఠశాలల పథకం, తొలి దశలో 11 సెకండరీ పాఠశాలలతో మొదలై, ఎలక్ట్రానిక్ బోధనను ప్రభుత్వ బడులలోకి తెచ్చింది. మరుసటి ఏడు, 2005లో, విద్యారంగంలో సమాచార సాంకేతికత వినియోగానికి బహ్రెయిన్ రాజు పేరిట యునెస్కో ఒక అంతర్జాతీయ పురస్కారాన్ని నెలకొల్పింది.

ఆ పురస్కారానికీ మనకూ ఒక సంబంధం ఉంది. 2017 సంవత్సరానికి దానిని అందుకున్న రెండు కార్యక్రమాలలో ఒకటి మొరాకో దేశానిది. రెండవది భారతదేశానికి చెందిన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్, సంక్షిప్తంగా క్లిక్స్. ముంబైలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నిర్వహించిన ఈ కార్యక్రమం రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం, తెలంగాణ రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో సాగింది. దాని పాఠాలు హిందీ, ఆంగ్లాలతోపాటు తెలుగులోనూ తయారయ్యాయి. మీరు పెరిగిన దేశపు పేరున్న పురస్కారం, మీ తాతముత్తాతల నేల మీద తెలుగులో జరిగిన బోధనకు కూడా గౌరవం తెచ్చిందన్నమాట.

ఆ పాఠాల నిర్మాణం నుంచి మనం గ్రహించవలసినది ఎంతో ఉంది. వాటికి మూడు మూలసూత్రాలు: పిల్లలు కలిసి నేర్చుకోవడం, నిజజీవితానికి దగ్గరగా ఉన్న పని చేయడం, తమ పొరపాట్ల నుంచి తామే నేర్చుకోవడం. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని, తమలో తాము చర్చించుకొని జవాబు పెట్టాలి. అందరికీ తలా ఒక యంత్రం లేకపోవడాన్ని లోటుగా భావించక, ఆ చర్చనే పాఠంలో భాగం చేశారు. పల్లెబడులలో అంతర్జాలం నిలకడగా ఉండదు గనుక పాఠాలను బడిలోని సర్వరులోనే ఉంచారు. ఉన్న పరిస్థితిని చూసి సాధనాన్ని అమర్చుకోవడమంటే ఇదే.

2020 అనుభవం కూడా ఇదే చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరి చివరి వారంలో బహ్రెయిన్‌లో బడులు మూతపడ్డాయి. తరగతులు తెర మీదికి చేరాయి. మీలో చాలామంది అప్పుడు విద్యార్థులే. కెమెరా ఆపివేసి, పేరు మాత్రం తెర మీద నిలిపి, గంటసేపు మౌనంగా గడిపిన పాఠాలు మీకు గుర్తుండే ఉంటాయి. అదే ఏడాది సెప్టెంబర్ 1న తెలంగాణలో ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అందరి ఇంట్లో అంతర్జాలం లేదు గనుక టీవీని ఆశ్రయించారు. అక్కడా ఇక్కడా ఎదురైన చిక్కు ఒక్కటే: గురువు మాట పిల్లలకు చేరింది గాని, పిల్లల మాట గురువుకు చేరలేదు. భాషను నేర్పే తరగతికి ఇది అన్నిటికన్నా పెద్ద లోటు.

ఇక మన తెలుగు తరగతికి వద్దాం. ఇక్కడి పిల్లలకు తెలుగు తెలియక కాదు. అమ్మ చెప్పింది అర్థమవుతుంది, జవాబు ఆంగ్లంలో వస్తుంది. శ్లోకాన్ని ఆంగ్ల అక్షరాలలో రాసుకొని కంఠస్థం చేస్తారు. ఆ లిపిలో ‘కల’, ‘కళ’, ‘కాల’ మూడూ ఒకే రూపంలో కనిపించవచ్చు. ‘వన’మో ‘వాన’యో తేలదు. వ్రాత గుర్తు చూపకపోతే చెవి వెతకదు, చెవి వెతకకపోతే నాలుక పలకదు. ఈ చిక్కుకు సాధనాలు ఏ విధంగా తోడ్పడగలవో నాలుగు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది ధ్వని. ఫోనులో గొంతు రికార్డు చేసే సౌకర్యం కంటే విలువైన భాషాసాధనం మరొకటి లేదని నా అభిప్రాయం. ‘కల’, ‘కళ’ అని గురువు పలికిన రికార్డును పిల్లలు వినాలి, తాము పలికి రికార్డు చేయాలి, రెంటినీ పక్కపక్కన మళ్లీ వినాలి. తేడాను గురువు ఎత్తిచూపక ముందే వారి చెవి పట్టుకుంటుంది. నలుగురిలో తప్పు పలుకుతానేమో అని బిడియపడే పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఇంట్లో పదిసార్లు పలికి, నచ్చినదాన్నే గురువుకు పంపవచ్చు.

రెండవది లిపి. ఆంగ్ల అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి మీకు పరిచితమే. తెలుగు చదవడం వచ్చినవారికి అది వరం. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు మాత్రం అది ఊతకర్ర వంటిది, ఎందుకంటే అక్షరాన్ని గుర్తించే పనిని యంత్రమే చేసిపెడుతుంది. వారికి తెలుగు అక్షరాలున్న కీబోర్డునే ఇవ్వండి. ‘క్ష’ రావాలంటే ముందు క, ఆపైన పొల్లు, ఆపైన ష నొక్కాలి. యూనికోడ్‌లో ఆ అక్షరం నిక్షిప్తమయ్యేది కూడా ఆ మూడు సంకేతాలుగానే. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుడి. తరగతిలో ఆ అక్షరాన్ని పెద్ద తెర మీద ఉంచి, చెరిపే మీటను ఒక్కొక్కసారే నొక్కిస్తే, చాలా పరికరాలలో ఒక్కొక్క సంకేతమే తొలగుతుంది. ముందు గుడి పోతుంది, తరువాత రకారపు వత్తు. అక్షరం ఎట్లా కట్టబడిందో పిల్లలు కళ్లారా చూస్తారు. నల్లబల్ల మీద చెప్పలేని విషయాన్ని కంప్యూటరు చెప్పగలిగిన చోటు ఇది. ఆ తరువాత అదే అక్షరాన్ని కాగితం మీద చేత్తో రాయించడం మరవకండి.

మూడవది మాట లోతు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో అచ్చయింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. ఒకప్పుడు ఇటువంటి గ్రంథాలను చూడాలంటే పెద్ద గ్రంథాలయానికి పోవలసివచ్చేది. నేడు ఆంధ్రభారతి జాలస్థలిలో ఒక పదాన్ని టైపు చేస్తే పలు నిఘంటువుల అర్థాలు ఒకేచోట ప్రత్యక్షమవుతాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, దాని సోదర ప్రాజెక్టులైన వికీసోర్స్, విక్షనరీ కూడా మనకు అందుబాటులో ఉన్నాయి. ‘తీర్థం’ అనే మాటను తీసుకోండి. గుడిలో అర్చకస్వామి చేతిలో పోసే పవిత్రజలం తీర్థం. యాత్రాస్థలం తీర్థం. కోనసీమలోని జగ్గన్నతోటలో కనుమనాడు ప్రభలతో జరిగే వేడుక కూడా తీర్థమే. ముగ్గురు పిల్లలకు మూడు అర్థాలు వెతకమని చెప్పి, ఒకరికొకరు తెలుగులో వివరించుకోమనండి. అప్పటివరకు చేయి చాపి పుచ్చుకున్న తీర్థం ఆ రోజు నుంచి వారికి ఒక తెలిసిన మాట అవుతుంది.

నాల్గవది పెద్దల గొంతు. భారతదేశానికీ మనకూ కాలభేదం రెండున్నర గంటలే. శుక్రవారం ఇక్కడ ఉదయం 10 గంటలైతే అక్కడ మధ్యాహ్నం 12:30. తరగతి సమయంలోనే ఒక అమ్మమ్మను, ఒక తాతయ్యను తెర మీదికి ఆహ్వానించవచ్చు. అయితే ఊరికే పలకరింపుతో సరిపెట్టకూడదు. ప్రశ్నలను పిల్లలే తెలుగులో ముందుగా రాసుకొని అడగాలి. మన సంఘంలో అన్ని జిల్లాల కుటుంబాలూ ఉన్నాయి. ఒక ఇంట వేరుశనగలు, మరో ఇంట పల్లీలు, ఇంకో ఇంట శెనక్కాయలు. ఈ మాటలను పెద్దల గొంతుతోనే రికార్డు చేసి, ఊరి పేరుతో సహా ఒకచోట భద్రపరిస్తే అది మన సంఘపు ఇంటిమాటల కోశమవుతుంది. ఏ నిఘంటువులోనూ దొరకని ధనం అది. పెద్దల గొంతులు మనకు ఎల్లకాలం అందుబాటులో ఉండవు గనుక ఈ పనిని వాయిదా వేయరాదు.

అనువాద యంత్రాల గురించి ఒక మాట. అవి రానురాను మెరుగవుతున్నాయి, వాటిని నిషేధించమని నేను చెప్పను. కాని ఆంగ్లంలో ఎదుటివారిని పిలిచే సర్వనామం ఒక్కటే. మన భాషలో ‘నువ్వు’ వేరు, ‘మీరు’ వేరు. ఎదుట ఉన్నది తమ్ముడా, తాతగారా అన్నది యంత్రం ఊహించవలసిందే, పిల్లలకు మాత్రం తెలిసే ఉంటుంది. కనుక యంత్రం ఇచ్చిన వాక్యాన్ని తరగతిలో ఉంచి, ‘ఇది ఎవరితో అనదగినది? తాతగారితో అయితే ఎట్లా మార్చాలి?’ అని అడగండి. అప్పుడు యంత్రపు లోపమే మంచి పాఠమవుతుంది.

ఇప్పుడు మన తరగతికి ప్రత్యేకమైన ఒక కష్టాన్ని ప్రస్తావిస్తాను. గల్ఫ్‌లో మన నివాసం ఉద్యోగాలతో ముడిపడినది. తండ్రికో తల్లికో బదిలీ వస్తే విద్యాసంవత్సరం మధ్యలోనే పిల్లల స్థానం ఖాళీ అవుతుంది. పన్నెండో తరగతి కాగానే చాలామంది ఉన్నత చదువులకు వేరే దేశం పోతారు. పాఠం చెప్పే తల్లులూ అట్లాగే తరలిపోతారు. వారితోపాటు వారు కూర్చిన పాఠాలు, బొమ్మలు, అభ్యాసపత్రాలు కూడా పోతాయి. కొత్తగా వచ్చినవారు మళ్లీ ‘అ’ దగ్గరే మొదలుపెడతారు. ఈ నష్టాన్ని అంతర్జాలం నిజంగా ఆపగలదు. ప్రతి పాఠాన్నీ రికార్డులతో, అభ్యాసాలతో సహా సంఘం పేరిట ఒక ఉమ్మడి ఖాతాలో, వరుస సంఖ్యలతో భద్రపరచాలి. ఏదో ఒకరి సొంత ఫోనులో ఉంచరాదు. అప్పుడు హైదరాబాదు వసతిగృహానికి చేరిన విద్యార్థి తరువాతి పాఠాన్ని అక్కడినుంచే అందుకోగలుగుతాడు. కొత్త ఉపాధ్యాయిని పాతవారు ఆపిన చోటు నుంచి కొనసాగించగలుగుతుంది.

భద్రపరచడంతోపాటు భద్రత కూడా చూడాలి. ఈ దేశంలో 2018 నాటి 30వ నంబరు చట్టం వ్యక్తిగత సమాచారానికి రక్షణ కల్పిస్తున్నది. అది 2019 ఆగస్టు 1 నుంచి అమలులో ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలను, గొంతులను, పుట్టినతేదీలను ఎక్కడా బహిరంగంగా ఉంచకండి. తరగతి లంకెను అందరికీ పంచకండి.

తరగతి నిడివి 40 నిమిషాలైతే తెరకు 15 నిమిషాలు చాలు. మిగిలిన సమయం మాటకు, చేతిరాతకు, ఒకరికొకరు చదివి వినిపించడానికి కేటాయించండి. తెరను ఆపిన తరువాత కూడా పాఠం కొనసాగితేనే ఆ 15 నిమిషాలు సార్థకమైనట్లు.

చివరిగా మీకు ఒక విన్నపం. ‘మాకే తెలుగు సరిగా రాదు, మేమేం చెబుతాం?’ అని మీలో కొందరు వెనుకాడుతున్నారు. మాకు తెలుగు వీధిలో దొరికింది, అందువల్ల నేర్చుకోవడంలోని కష్టం మాకు తెలియదు. మీకు తెలుసు. ‘ళ’ ఎక్కడ జారిపోతుందో, వత్తు ఎక్కడ తికమక పెడుతుందో, జవాబు ఆంగ్లంలో ఎందుకు వస్తుందో మీరు స్వయంగా ఎరుగుదురు. ఆ ఎరుక బోధనకు పెద్ద పెట్టుబడి. పద్యం చెప్పడానికి, వ్యాకరణం సరిచూడడానికి పెద్దలం మేమున్నాం. పాఠాన్ని అమర్చడానికి, పిల్లల పక్కన కూర్చోవడానికి మీరు రావాలి. ఈ ఏడు మీలో నలుగురు ముందుకు వచ్చి, తలా ఒక నెల పాఠాలను సిద్ధం చేసి ఉమ్మడి ఖాతాలో చేర్చినా, వచ్చే వార్షికోత్సవం నాటికి కొత్తగా చేరే పిల్లలకు నాలుగు నెలల చదువు సిద్ధంగా ఉంటుంది. పేర్లను ఈ రోజే కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.