కలిగిన ఊళ్లో కనిపించని ఇళ్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సంచిక చేతికి రాగానే మీలో చాలామంది ముందుగా తిరగేసేది మధ్య పేజీల్లోని ఫొటోలు. కుట్టుమిషను అందుకుంటున్న ఆపా, ఫీజు చెక్కు పట్టుకున్న పిల్లవాడు, రేషన్ సంచుల పక్కన నిలబడ్డ కుటుంబం. ఈసారి ఆ పేజీలు లేవు. ఎందుకు లేవో మీకు చెప్పుకోవలసిన బాధ్యత మాపై ఉంది.

మనం పనిచేసే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. రోడ్డు పక్క పొలాలు ప్లాట్లయ్యాయి. జనగామ హైదరాబాద్-వరంగల్ రహదారి మీది ఊరు. మానుకోటకు రైలుంది, చుట్టూ మిర్చి పంట ఉంది. భూపాలపల్లికి సింగరేణి గనులు, పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నాయి. బయటినుంచి వచ్చి చూసినవారికి ఇవి కలిగిన ఊళ్లే. అల్‌హందులిల్లాహ్, మనలోనూ చాలామంది స్థిరపడ్డారు.

ఒకప్పుడు ఈ జనగామ గడ్డ మీద ఎవరు కలవారో, ఎవరు లేనివారో వేరే అడగనక్కర్లేదు. ఒక పక్క గడి, ఒక పక్క గుడిసె. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టులో పోరాడి, చివరికి హత్యకు గురయ్యాడు. ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ఆధారమైంది. ఆనాటి లేమి కళ్లెదుట కనిపించేది.

ఇప్పుడు అలా లేదు. అందరివీ డాబాలే, అందరి చేతుల్లో ఫోన్లే. కానీ కలిగిన చిన్న ఊళ్లో ఇంటి అద్దె, బడి ఫీజు, పెళ్లి ఖర్చు అన్నీ జీతం వచ్చేవారి జేబును బట్టి పెరుగుతాయి. 2024లో దసరాకు ముందు సింగరేణి లాభాల వాటాగా ఒక్కో కార్మికుడికి సగటున 1,90,000 రూపాయలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5,000 రూపాయలు ఇస్తామన్నారు. ఎక్కువ వచ్చినవారిది వారి చెమట ఫలితమే, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఇద్దరూ కూరగాయలు కొనేది ఒకే అంగట్లో, అద్దె ఇల్లు వెతికేది ఒకే గల్లీలో.

హైదరాబాద్‌లో అయితే పక్క బస్తీకి వెళ్లి సాయం అడిగినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకే మస్జిద్‌లో, ఒకే సఫ్‌లో నిలబడతారు. సోమవారం అడిగితే జుమా నాటికి ఊరంతా తెలుస్తుంది. అందుకే అడగరు. ఉతికిన బట్టలు కట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని బతుకుతారు.

మేము చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట, భర్త చనిపోయిన ఒక ఆపాకు వేదిక మీద కుట్టుమిషను ఇచ్చాం. ఫొటో తీసి సంచికలో వేశాం. మరుసటి ఏడు ఆమె బిడ్డ ఫీజు కోసం దరఖాస్తు వస్తుందని చూశాం, రాలేదు. మేమే వెళ్లాం. ఆమె మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. “మిషిను మంచిగ నడుస్తున్నది భాయ్. మీకు దువా చేస్తా. కానీ ఆ పుస్తకం మా బిడ్డ క్లాసుల ఎవరో తెచ్చిన్రట. ఇగ నేను దరఖాస్తు పెట్టను” అన్నది. ఆ అమ్మాయి కొన్ని నెలలు కాలేజీకే పోలేదని తర్వాత తెలిసింది.

ఖుర్ఆన్‌లో బఖరా సూరా 273వ ఆయత్ ఇలాంటివారి గురించే చెబుతుంది. అభిమానంతో చేయి చాపనివారిని చూసి, తెలియనివారు వీరికి అన్నీ ఉన్నాయనుకుంటారని దాని భావం. బాహాటంగా ఇవ్వడం మంచిదే, గోప్యంగా పేదలకు అందించడం ఇంకా మేలని అదే సూరా 271వ ఆయత్ తెలుపుతుంది. ఇవి చదివి కూడా మేము ఫొటోలు వేశాం.

ఫొటో లేకపోతే లెక్క ఎట్లా తెలుస్తుందని కొందరు దాతలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రసీదులు, దరఖాస్తులు ఆఫీసులో ఉంటాయి. దాతల్లోంచి ఇద్దరు ఏటేటా మారుతూ వాటిని సరిచూస్తారు. చూసినవారు పేర్లు బయటపెట్టకూడదు. ఫీజు నేరుగా కాలేజీకి కడతాం. ఇంటి అద్దె సాయం మాత్రం ఆ కుటుంబం ఖాతాలోనే వేస్తాం, ఇంటి యజమానికి తెలియనక్కర్లేదు.

ఇంకొక మాట. ఇలాంటి ఊళ్లో లేమి ఒక్కటే కాదు, కలిమి కూడా కంటికి ఆనదు. జకాత్ లెక్క వేసేటప్పుడు మనకు బంగారం, బ్యాంకులో డబ్బు గుర్తొస్తాయి. ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి నిసాబ్, చాంద్రమాన సంవత్సరం పూర్తయితే నూటికి రెండున్నర, ఇవన్నీ తెలిసినవే. మరి ధర పెరిగాక అమ్ముదామని కొన్న ప్లాటు సంగతి? సొంత ఇల్లు కట్టుకోవడానికి ఉంచుకున్న జాగా మీద జకాత్ లేదు. అమ్మే ఉద్దేశంతోనే కొన్నది వ్యాపార సరుకులాంటిదని, నేటి ధర ప్రకారం లెక్కకు వస్తుందని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు. పది లక్షల ప్లాటు మీద అది 25,000 రూపాయలు. సందేహం ఉన్నవారు తమ ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకోండి.

మీ గల్లీలో కిరాణా షాపు ఉద్దర ఖాతా ఎవరిది పెరిగిపోయిందో, మందుల చీటీలో సగం మందులే కొని వెళ్లేది ఎవరో మీకే ముందు తెలుస్తుంది. వీలైతే మీరే గుట్టుగా తీర్చండి. వీలుకాకపోతే మా చెవిన వేయండి. వారు అడిగేదాకా ఆగొద్దు.

ఆ ఆపా బిడ్డ ఫీజు ఒక దాత కాలేజీకి వెళ్లి తన పేరు చెప్పకుండా కట్టి వచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆమె పేరు, ఆ దాత పేరు ఈ సంచికలో ఎక్కడా ఉండవు. మీరిచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.